సాల్వడార్ డాలీ కంచు శిల్పం కొనాలనుకుంటే: సమగ్ర మార్గదర్శి

లండన్‌లో ఉంటున్న మా స్నేహితుడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "డాలీ శిల్పం ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. రేపటిలోగా అడ్వాన్స్ కట్టకపోతే వేరేవాళ్లకి వెళ్లిపోతుందట. తీసుకోమంటావా?" గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఫోటోలు పంపమన్నాను. పదకొండు వచ్చాయి. చెట్టు కొమ్మ మీద బట్ట ఆరేసినట్టు వేలాడే గడియారం, కరిగి జారిన దాని అంచు, ఆ అంచు చివర రాలబోతున్న బొట్టు. ముందు నుంచి, పక్క నుంచి, కిటికీ వెలుగులో, బల్ల మీద. పీఠాన్ని దగ్గర నుంచి తీసిన ఫోటో గానీ, అడుగు భాగం తీసిన ఫోటో గానీ ఒక్కటీ లేదు.

"పీఠం చుట్టూ, అడుగున ఏం చెక్కి ఉందో ఫోటో తీసి పంపమను. అంతవరకు ఒక్క పైసా కట్టకు" అన్నాను. వారం గడిచినా ఆ ఫోటో రాలేదు. కొనడం మానుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత, అదే బొమ్మకు ఇంకో పోత వేరే చోట కనిపిస్తే, అన్నీ సరిచూసుకుని కొన్నాడు. ఆ ఏడాదిన్నరలో మేమిద్దరం తిరిగి, అడిగి, చదివి తెలుసుకున్నదంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. "ఇది డాలీదేనా?" అని అడిగితే అమ్మేవాళ్లు "అవును" అంటారు, సంభాషణ అక్కడితో అయిపోతుంది. అడగాల్సింది "ఇది డాలీ చేతికి ఎంత దూరంలో ఉంది?" అని. ఆయన వేళ్లతో ఒత్తిన మైనం నుంచి పోసిందా, ఆయన గీసిన బొమ్మను చూసి వేరొకరు మలిచిందా? ఆయన బతికుండగా పోసిందా, పోయాక పోసిందా? ఎనిమిదిలో ఒకటా, నాలుగు వందల్లో ఒకటా? ధర కూడా, రేపు మళ్లీ అమ్ముకోగలగడం కూడా ఈ దూరం మీదే ఆధారపడి ఉంటాయి.

1. ఏ గుంపుకు చెందిన శిల్పమో తేల్చుకోండి

చిత్రకారుడు, శిల్పి డాలీ 1904లో స్పెయిన్‌లోని ఫిగెరస్‌లో పుట్టాడు, 1989లో ఆ ఊళ్లోనే చనిపోయాడు. కలల్లోలాంటి వింత రూపాలను బొమ్మకట్టే, మనవాళ్లు అధివాస్తవికత అని పిలుచుకున్న సర్రియలిజానికి ప్రపంచమంతా గుర్తుపట్టే ముఖం ఆయనదే. కరిగే గడియారాల చిత్రాన్ని 1931లో వేశాడు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. అదే గడియారం కంచులోకి వచ్చేసరికి చాలా ఏళ్లు గడిచాయి. మార్కెట్లో తరచూ కనిపించే డాలీ కంచు బొమ్మలు ఎక్కువగా ఆయన చివరి రెండు దశాబ్దాలకు చెందినవి.

వాటిని నేను మూడు గుంపులుగా చూస్తాను. మొదటిది, 1930లలో చేసిన వస్తువుల నుంచి తర్వాత పోసిన కంచులు. ఒంటినిండా సొరుగులున్న వీనస్ దీనికి మంచి ఉదాహరణ. 1936 నాటి ప్లాస్టర్ బొమ్మ షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాన్ని 1964లో కంచులో పోసి, ప్లాస్టర్‌లా కనిపించేలా తెల్లరంగు వేశారు. చూడగానే కంచు అనిపించదు, ముట్టుకుంటే చల్లగా తగులుతుంది.

రెండోది క్లోట్ సేకరణ. పోర్ట్ లిగాట్‌లోని తన ఇంట్లో డాలీ స్వయంగా మైనంతో చేసిన 44 బొమ్మల నుంచి పోసినవి. ఇసిద్రో క్లోట్ అనే స్పానిష్ కలెక్టర్ పేరు మీద వీటిని అలా పిలుస్తారు. వేళ్ల ఒత్తుళ్లు, గోటి గీతలు కంచులోకి కూడా దిగి ఉంటాయి. నా మటుకు నాకు డాలీ చేయి అంటే ఇదే.

మూడోది మిలాన్‌కు చెందిన గ్యాలరీ యజమాని బెనియామినో లెవి చేయించిన 29 శిల్పాలు. మెత్తని గడియారం డాలీ ముఖంగా మారిపోయే బొమ్మ, కిరీటం పెట్టుకున్న గడియారం బొమ్మ, సన్నకాళ్ల ఏనుగు, మంటల్లో సొరుగుల స్త్రీ, ఇవన్నీ ఇందులోవే. డాలీ చిత్రాల్లోని రూపాలను ఆయన అనుమతితో శిల్పాలుగా మలిచినవి. మా స్నేహితుడు కొన్నది ఈ గుంపులోదే. వీటి పెద్ద సైజు పోతలు ఊళ్ల కూడళ్లలో కూడా ఉన్నాయి. ఆండోరా రాజధానిలో నది ఒడ్డున కిరీటం గడియారం నిలబడి ఉంటుంది.

అమ్మకం ప్రకటనలో ఈ మూడింటి గురించి ఏమీ రాయకుండా "డాలీ కంచు, అరుదైనది" అని మాత్రమే ఉంటే, ఏ గుంపుదో మీరే అడగండి. మూడింట్లోనూ చేరని డాలీ బొమ్మలు కూడా ఉన్నాయి. అలాంటప్పుడు ఎవరు, ఏ ఒప్పందం మీద పోయించారో కాగితంతో చూపించాలి.

2. పోత ఎలా పోస్తారో అర్థం చేసుకోండి

ఇది తెలియకపోతే నంబర్లన్నీ అయోమయంగా ఉంటాయి. తెలిస్తే చాలా సులువు, పైగా మనకు బాగా దగ్గరి విషయం. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పెట్టి, కాల్చి, మైనం కారిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోయడాన్ని మన శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానం అన్నాయి. స్వామిమలై పంచలోహ విగ్రహాలు ఇలాగే పోస్తారు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారుల డోక్రా కూడా అంతే. 2018లో దానికి జీఐ గుర్తింపు వచ్చింది.

డోక్రాలో మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి బొమ్మ చేస్తారు. లోహం పోశాక అచ్చు పగలగొడతారు. మైనమూ ఉండదు, అచ్చూ ఉండదు. ప్రతి బొమ్మా ఒక్కటే. యూరప్ ఫౌండ్రీల్లో, అంటే లోహం పోత పోసే కార్ఖానాల్లో, అలా కాదు. అసలు నమూనా మీద రబ్బరు అచ్చు తీసి దాచుకుంటారు. ఆ రబ్బరు అచ్చులోంచి ఎన్ని మైనపు బొమ్మలైనా తీయొచ్చు, ప్రతి మైనం నుంచి ఒక కంచు వస్తుంది. అందుకే ఒకే శిల్పానికి వందల పోతలు సాధ్యమవుతాయి. అందుకే ఎన్ని పోశారో లెక్క రాయడం, ఆ లెక్కకు కట్టుబడటం అంత ముఖ్యం.

ఫ్రాన్స్‌లో ఒరిజినల్ కంచు అనిపించుకోవాలంటే నంబర్లు వేసిన 8 పోతలు, 4 ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (కళాకారుడి కోసమని విడిగా పోసేవి), మొత్తం 12 దాటకూడదు. అసలు పోత మీద నుంచి మళ్లీ అచ్చు తీసి పోస్తే దాని మీద "రిప్రొడక్షన్" అని చెరగకుండా రాయాలని 1981 నాటి ఉత్తర్వు చెబుతుంది. ఈ కొలమానంతో చూస్తే, లెవి శిల్పాల్లో మామూలుగా కనిపించే 350 పోతల ఎడిషన్ (ఒకే బొమ్మకు లెక్క కట్టి పోసే పోతల వరస), దానికి తోడు 35 ప్రూఫ్‌లు అన్నవి చాలా పెద్ద సంఖ్య. అవి దొంగవని కాదు. అనుమతితో, మంచి ఫౌండ్రీలో, శ్రద్ధగా పోసినవే. కానీ 12లో ఒకదానికి పెట్టే ధర 385లో ఒకదానికి పెట్టకూడదు.

3. రెండు తేదీలు అడగండి

ప్రకటనలో "1977" అని ఉంటుంది. అది ఎక్కువసార్లు ఆలోచన పుట్టిన ఏడాది. పోత ఎప్పుడు పోశారన్నది వేరే సంగతి. లెవి శిల్పాల్లో 1977లో రూపకల్పన జరిగి, మొదటి పోత 1984లో పోసినవి ఉన్నాయి. మీ చేతిలోకి వచ్చేది ఆ మొదటి పోతే కానక్కర్లేదు. "ఈ నంబరు పోత ఏ సంవత్సరం, ఏ ఫౌండ్రీలో పోశారు?" అని ఒకే వాక్యంలో అడగండి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. 1989 తర్వాతి పోత అయితే వద్దనేయాలని నేను అనను. ధరలో ఆ తేడా కనిపించాలి.

4. పీఠం చుట్టూ చదవండి

మాకు ఎక్కువ పాఠం నేర్పింది ఈ పనే. వేలానికి ముందు వస్తువులను చూడనిచ్చే రోజున మేం వెళ్లాం. అక్కడ పనిచేసే అమ్మాయి చేతికి తొడుగులు వేసుకుని, శిల్పాన్ని పక్కకు ఒరిగించి పట్టుకుంది. చిన్న టార్చి, భూతద్దం మా దగ్గరున్నాయి. పీఠం వెనక అంచున డాలీ సంతకం, కొంచెం పక్కన పెద్ద అంకె, గీత, 350 (350 పోతల్లో ఇది ఎన్నోదో చెప్పే గుర్తు). ఇంకొంచెం కిందుగా ఫౌండ్రీ ముద్ర, స్విట్జర్లాండ్‌లోని మెండ్రిసియో ఊరి పేర్సియో ఫౌండ్రీది. టార్చిని ఏటవాలుగా పెడితే అంకెల అంచులు పదునుగా మెరిశాయి. కంచు చల్లారాక ఉలితో కొట్టిన అంకెలకు ఆ పదును ఉంటుంది.

పోత మీద పోత పోసిన బొమ్మలో ఆ పదును పోతుంది. అక్షరాలు వాడిన సబ్బు మీది పేరులా అరిగినట్టు, గుండ్రంగా ఉంటాయి. సంతకం విషయంలో మరీ జాగ్రత్త. కంచు మీది సంతకం అచ్చుతో పాటే వస్తుంది కాబట్టి, దొంగ పోతలోనూ అది దించినట్టు ఉంటుంది. డాలీ తన చివరి దశాబ్దాల్లో ఖాళీ కాగితాల మీద పెట్టిన సంతకాల వల్ల ప్రింట్ల మార్కెట్ ఎంత పాడైందో ఆ రంగంలో అందరికీ తెలుసు. సంతకం ఉందని సంబరపడొద్దు.

అంకెలు చదివేటప్పుడు కూడబలుక్కుని చదవండి. ఫ్రెంచ్‌లో ఇ.ఏ. అన్న అక్షరాలుంటే ఆర్టిస్ట్ ప్రూఫ్. హెచ్.సి. ఉంటే అమ్మకానికి కాదని పక్కన పెట్టినది (అయినా అమ్మకానికి వస్తూనే ఉంటాయి). ఒక వరస మామూలు అంకెల్లో, ఇంకో వరస రోమన్ అంకెల్లో ఉండొచ్చు. అదే బొమ్మ చిన్నది, మధ్యరకం, నిలువెత్తుది అని వేర్వేరు సైజుల్లో, ఒక్కో సైజుకు ఒక్కో ఎడిషన్‌గా ఉండొచ్చు. "ఈ రూపం అన్ని సైజుల్లో, అన్ని వరసల్లో కలిపి లోకంలో ఎన్ని?" అన్నదే మీకు కావలసిన సంఖ్య.

5. లోహాన్ని పరీక్షించండి

కంచుకు అయస్కాంతం అంటుకోదు. అంటుకుంటే లోపల ఇనుముందన్నమాట. పీఠానికి బిగించిన స్టీలు బోల్టు దగ్గర మాత్రం లాగొచ్చు, అది తప్పు కాదు. బరువు చూడండి. కంచు నీటికంటే దాదాపు తొమ్మిది రెట్లు బరువు. కంచు పొడి కలిపిన రెసిన్ బొమ్మ చూపులకు అలాగే ఉన్నా ఎత్తగానే తేలిపోతుంది. గోటితో తట్టితే కంచు ఖంగుమంటుంది, రెసిన్ డొల్ల చెక్కలా పలుకుతుంది.

ఆ తర్వాత టేపు తీయండి. కరిగిన కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటి, రెండు పాళ్లు కుంచించుకుపోతుంది. అసలు పోత మీద అచ్చు తీసి మళ్లీ పోస్తే, ఆ మేరకు బొమ్మ చిన్నదవుతుంది. అర మీటరు శిల్పంలో అది సుమారు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. పాలరాతి దిమ్మె లేకుండా కంచు భాగం మాత్రమే కొలిచి, ఎడిషన్ అధికారిక కొలతతో పోల్చండి. కొన్ని మిల్లీమీటర్ల తేడా చేతిపనిలో ఉంటుంది. ఒక సెంటీమీటరు తగ్గితే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

రంగు కూడా చూడాలి. పాటినా అంటే వేడిచేసిన కంచు మీద రసాయనాలు చల్లి తెప్పించే రంగు. డాలీ శిల్పాల్లో ముదురు గోధుమ, ఆకుపచ్చ, నీలం, అక్కడక్కడ బంగారు మెరుపు కనిపిస్తాయి. మేం చూసిన దాంట్లో గడియారం కొసన ఉన్న బొట్టు మీద బంగారు రంగు పలచబడి ఉంది. ఇన్నేళ్లలో చూసిన ప్రతివారూ ఆ బొట్టునే తాకి ఉంటారు. అలాంటి అరుగుదల నన్ను భయపెట్టదు. గుంటల్లో కూడా ఒకే మోతాదులో కొత్తగా మెరిసే రంగు ఉంటే, మళ్లీ రంగు వేశారేమోనని అనుమానించండి. పిండిలా రాలే లేత ఆకుపచ్చ మచ్చలుంటే అది కంచుకు పట్టే క్లోరైడ్ జబ్బు. బాగుచేయొచ్చు, కానీ ఖర్చు.

6. కాగితాలు

సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది కాదు, ఎవరిచ్చారన్నది చూడండి. అమ్మేవారు తమ లెటర్‌హెడ్ మీద తామే రాసుకున్నదానికి వాళ్ల మాటకున్న విలువే ఉంటుంది. ఎడిషన్ పోయించినవారు ఇచ్చిన సర్టిఫికెట్ అయితే, దాని మీది నంబరు, కంచు మీది నంబరు ఒకటే అయి ఉండాలి. డాలీకి ఏళ్ల తరబడి సన్నిహితంగా ఉన్న రాబర్ట్ డెషార్న్, ఆయన కొడుకు నికొలాస్ కలిసి డాలీ శిల్పాలకు పెద్ద జాబితా గ్రంథం తెచ్చారు. అమ్మకాల కేటలాగుల్లో డెషార్న్ పేరు, పక్కన పేజీ నంబరు కనిపించేది అందుకే. ఫిగెరస్‌లోని గాలా-సాల్వడార్ డాలీ ఫౌండేషన్ 1983లో డాలీ ఉండగానే ఏర్పడింది. ఆయన పని మీద అధికారికంగా పరిశోధన జరిగే చోటు అది.

చేతులు మారిన చరిత్ర కూడా కావాలి. మొదట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కొన్నారు, బిల్లు ఉందా? దొంగసొత్తు కాదని తేల్చుకోవడానికి లండన్‌లోని ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో వెతికించవచ్చు. ఇంటర్‌పోల్ ఐడీ-ఆర్ట్ యాప్ ఉచితమే. ఈ చరిత్ర ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పడానికి ఒక ముచ్చట. 1967లో ఎయిర్ ఇండియా కోసం డాలీ ఒక యాష్ ట్రే రూపొందించాడు. కంచు కాదు, లిమోజ్ పింగాణీ. ఒకవైపు నుంచి హంస, తలకిందులు చేస్తే ఏనుగు తల. ప్రతిఫలంగా డబ్బు బదులు ఏనుగు పిల్లను అడిగాడు, ఎయిర్ ఇండియా మనదేశం నుంచి నిజంగానే పంపింది. కానుకగా పంచిన ఆ యాష్ ట్రేలు ఇప్పుడు వేలాల్లో కనిపిస్తుంటాయి. ఎవరి ఇంట్లో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పగలిగిన దానికి విలువ వేరు.

7. కొనే ముందు నాలుగు అసలైనవి చూడండి

ఫోటోలు చూసి కంచు తెలియదు. ఫిగెరస్‌లో 1974లో తెరిచిన డాలీ థియేటర్-మ్యూజియం, పారిస్ మోంమార్త్ర్ గుట్ట మీది డాలీ మ్యూజియం, ఫ్లోరిడా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మ్యూజియం, మాద్రిద్‌లో డాలీ చేసిన న్యూటన్ స్మారక శిల్పం, స్పెయిన్‌లోనే ఉన్న మార్బెయా సముద్ర తీరానికి వెళ్లే దారిలో వరసగా ఉన్న పది శిల్పాలు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లేవారు యూఓబీ ప్లాజా ముందున్న న్యూటన్‌ను చూడొచ్చు. టికెట్ కూడా అక్కర్లేదు.

8. ధర

గ్యాలరీ అడిగే ధర వేరు, వేలంలో పలికిన ధర వేరు. ఆన్‌లైన్‌లో ఏళ్ల తరబడి అమ్ముడుపోకుండా ఉన్న ధరలు చూసి లెక్కలు వేసుకోకండి. వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే బొమ్మ, అదే సైజు, అదే ఎడిషన్ గత అయిదేళ్లలో ఎంతకు పోయిందో రాసుకోండి. ఎడిషన్ శిల్పాలకు ఇదే మేలు, పోల్చడానికి దగ్గరి లెక్కలు దొరుకుతాయి.

వేలంలో సుత్తి పడిన ధర మీ చివరి ధర కాదు. లండన్‌లో 10,000 పౌండ్ల దగ్గర సుత్తి పడిందనుకోండి. వేలం సంస్థ తీసుకునే కొనుగోలుదారు ప్రీమియం 26 శాతం అయితే 2,600. ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ 520. డాలీ చనిపోయి ఇంకా 70 ఏళ్లు కాలేదు కాబట్టి బ్రిటన్, యూరప్‌లలో కళాకారుడి వారసులకు చేరే పునర్విక్రయ హక్కు రుసుము వర్తిస్తుంది. మొదటి మెట్టులో 4 శాతం, అంటే 400. మొత్తం 13,520 పౌండ్లు అయింది. రవాణా, ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. ఇంట్లో అనుకున్న బడ్జెట్ 10,000 అయితే, 7,400 చేరక ముందే చేయి దించేయాలి.

9. దేశాలు దాటించేటప్పుడు

బ్రిటన్‌లో కళాఖండాలకు దిగుమతి వ్యాట్ 5 శాతమే, కానీ కంచు పోత 8 ప్రతులకు మించని ఎడిషన్‌లోది అయితేనే. 350లో ఒకటి అయితే ఆ రాయితీ మామూలుగా రాదు. ఇండియాకు తెచ్చుకునేవారికీ ఇలాంటి చిక్కే ఉంది. ఒరిజినల్ శిల్పాలు కస్టమ్స్ టారిఫ్‌లో 9703 కింద వస్తాయి. వాణిజ్యపరంగా పెద్దఎత్తున చేసిన ప్రతులు అందులోకి రావు. మీ శిల్పం దేని కిందికి వస్తుందో, ఆ రోజు డ్యూటీ, జీఎస్టీ ఎంతో శిల్పం కదలక ముందే కస్టమ్స్ ఏజెంట్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. చెక్కపెట్టె మీద పురుగు పట్టకుండా వేడిచేసిన గుర్తు, ఐఎస్‌పీఎం-15 ముద్ర, ఉండాలి. కిరీటాలు, దేవదూతల్లాంటి సన్నని భాగాలు విడదీసేవి అయితే విడివిడిగా ప్యాక్ చేయమనండి. ఇన్సూరెన్స్ మీ గుమ్మం లోపలికి వచ్చేదాకా ఉండాలి.

10. ఇంటికి వచ్చాక

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. పాలరాతి దిమ్మెకూ కంచుకూ మధ్య బిగింపు వదులైందేమో చూడండి. బల్ల గట్టిదై ఉండాలి, పిల్లలు కొమ్మను పట్టుకుని లాగినా ఒరగకూడదు.

ఇక శుభ్రం చేయడం. రాజమండ్రి నుంచి వెళ్లిన మా స్నేహితుడి అమ్మగారు శిల్పం మీది ఆకుపచ్చ చూసి, "అయ్యో, చిలుం పట్టిందిరా" అని చింతపండు నానబెట్టారట. వాడు ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు కాబట్టి సరిపోయింది. మన ఇళ్లలో ఇత్తడి బిందెలు, పూజ సామాన్లు తోమడం ఒక ప్రేమ, ఆవిడ చేయబోయిందీ ప్రేమతోనే. ఈ ఆకుపచ్చ మాత్రం చిలుం కాదు, పనిగట్టుకుని తెప్పించిన రంగు. చింతపండు, నిమ్మచెక్క, పీతాంబరి, ఏదైనా సరే ఒక్కసారి రుద్దితే ఆ రంగు పోతుంది, తిరిగి తేవాలంటే ఫౌండ్రీకి పంపాలి. ఇంట్లో పనిచేసేవారికి కూడా ఈ సంగతి మొదటి రోజే చెప్పండి.

మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఏడాదికోసారి కళాఖండాల కోసం అమ్మే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పలచగా పూసి, నూలు గుడ్డతో మెరిసేదాకా తుడవండి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఇల్లుంటే ఆరు నెలలకోసారి పూయండి, బాల్కనీలో మాత్రం పెట్టకండి. ఉప్పు గాలి కంచును నెమ్మదిగా తింటుంది. మైనం పూసిన ప్రతిసారీ పీఠం అడుగును, నంబరును, సంతకాన్ని ఫోటోలు తీసి తేదీ వేసి, బిల్లు, సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే పెట్టండి. మా స్నేహితుడు ఆ ఫైలును శిల్పం ఉన్న గదిలో పెట్టలేదు, బ్యాంకు లాకర్‌లో పెట్టాడు.